భుజం మాటిమాటికీ జారుతుంటే: ఆడేవాళ్లకు ఒక ఫిజియో చెప్పే సంగతులు

మొదటిసారి భుజం జారినప్పుడు ఎవరైనా ఆస్పత్రికి పరుగెత్తుతారు. రెండోసారీ అంతే. నాలుగోసారికి మాత్రం గ్రౌండ్ పక్కన కూర్చుని, తనకు తెలిసిన పద్ధతిలో చెయ్యి తిప్పుకుని, టక్కుమని లోపలికి వెళ్లగానే లేచి మిగతా సెట్ కూడా ఆడేస్తాడు. ఎప్పుడో తీరిగ్గా నా దగ్గరికొచ్చి, "అలవాటైపోయింది మేడమ్, ఇప్పుడు పెద్దగా నొప్పి కూడా ఉండట్లేదు" అంటాడు. ఏదో మంచి వార్త చెబుతున్నట్టు ఉంటుంది మొహం.

మంచి వార్త కాదది. నొప్పి లేకుండా జారడానికీ, కష్టపడకుండా ఎక్కడానికీ కారణం ఒక్కటే. కీలులో బంతిలా ఉండే చేతి ఎముక తలను ఆపాల్సిన గట్టు ముందువైపు తెగిపోయి, అరిగిపోయి ఉంటుంది. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లను "నొప్పి ఎలా ఉంది?" అని నేను మొదట అడగను. "చెయ్యి ఎక్కడికి తీసుకెళ్లడానికి భయపడుతున్నావు?" అని అడుగుతాను. ఈ జబ్బులో నొప్పి అబద్ధాలు చెబుతుంది. భయం చెప్పదు.

నేను ఎక్కువగా చూసేది వాలీబాల్, కబడ్డీ, హ్యాండ్‌బాల్ ఆడేవాళ్లను, కొందరు ఈతగాళ్లను. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను. ఎముకల డాక్టర్ ఒకసారి చూసి, ఎక్స్‌రే తీయించి, జారుడు ఏ రకమో తేల్చాక చదవాల్సినవి ఇవి. ఆ చూపించుకోవడం తప్పించుకోవడానికి చదివేవి కావు.

లోపల ఏం జరుగుతోంది

భుజం కీలు చిన్న సాసర్ మీద పెట్టిన పెద్ద బంతి లాంటిది. చేతి ఎముక తల పెద్దది, రెక్క ఎముక మీదున్న గుంట చిన్నది, పైగా లోతు లేనిది. ఏ క్షణంలో చూసినా బంతిలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా మాత్రమే గుంటను తాకి ఉంటుంది. గుంట అంచు చుట్టూ లేబ్రమ్ అనే మెత్తటి గట్టు, దాని చుట్టూ ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు, వాటి పైన రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలు, ఇవన్నీ కలిసి బంతిని నిలబెడతాయి. తలపైకి, వీపు వెనక్కి, ఎటు కావాలంటే అటు చెయ్యి తిరుగుతుందంటే ఎముకలు దాన్ని గట్టిగా పట్టుకోకపోవడం వల్లే.

నూటికి తొంభైకి పైగా జారుళ్లు ముందుకే జరుగుతాయి. చెయ్యి పక్కకు ఎత్తి, మోచేయి వంచి, ముంజేతిని వెనక్కి తిప్పిన భంగిమ ఒకటుంది: స్మాష్ కొట్టే ముందు, బంతి విసిరే ముందు ఉండేది. ఆ భంగిమలో ఎవరైనా చేతిని ఇంకాస్త వెనక్కి లాగినా, చాచిన చేతి మీద పడినా కీలులోని బంతి ముందుకు, కిందికి దూకుతుంది. దూకేటప్పుడు ముందువైపు లేబ్రమ్‌ని గుంట అంచు నుంచి చీల్చేస్తుంది. ఈ చీలికను 1923లో వివరించిన ఇంగ్లండ్ సర్జన్ ఆర్థర్ బ్యాంకార్ట్ పేరు మీద బ్యాంకార్ట్ లీజన్ అంటారు. మీ ఎమ్మారై రిపోర్టులో దాదాపు తప్పకుండా కనపడే మాట ఇది. బయటికి దూకిన బంతి వెనకభాగం గుంట అంచుకు గుద్దుకుని సొట్ట పడుతుంది. 1940లో ఇద్దరు రేడియాలజిస్టులు దాన్ని వివరించారు కాబట్టి దాని పేరు హిల్ శాక్స్ లీజన్.

జారిన ప్రతిసారీ ఇటు గట్టు కాస్త అరుగుతుంది, అటు సొట్ట కాస్త పెద్దదవుతుంది. ఒక దశ దాటాక, చెయ్యి ఎత్తగానే సొట్ట వెళ్లి అరిగిన అంచుకు తగులుకుంటుంది. అప్పుడు ఎంత మంచి కండరం ఉన్నా ఆపలేదు.

వయసు లెక్క కూడా పెద్దదే. ఇరవై ఏళ్ల లోపు మొదటిసారి జారి, మళ్లీ ఒళ్లు తగిలే ఆటకే వెళ్లినవాళ్లలో ఎక్కువమందికి మళ్లీ జారుతుంది. నలభై దాటినవాళ్లకు మళ్లీ జారే అవకాశం బాగా తక్కువ. వాళ్లకు వేరే చిక్కుంది. జారేటప్పుడు రొటేటర్ కఫ్ తెగిపోవచ్చు. కీలు సరిగ్గా కూర్చున్నా రెండు మూడు వారాల తర్వాత కూడా చెయ్యి పైకి లేవకపోతే "నొప్పి వల్లే" అనుకోకుండా స్కాన్ తీయించుకోవాలి.

అందరి భుజమూ ఒక కారణంతో జారదు. దెబ్బ తగిలి జారింది ఒక రకం. పుట్టుకతోనే కీళ్లు వదులుగా ఉన్నవాళ్లది ఇంకో రకం: బొటనవేలు వంచితే ముంజేతికి తాకుతుంది, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనతాయి, మోచేతులు వెనక్కి వంగుతాయి. వీటిని 9 పాయింట్ల బీటన్ స్కోరుతో కొలుస్తారు. వీళ్ల భుజం ముందుకే కాదు, కిందికీ వెనక్కీ కూడా జారవచ్చు. వీళ్లకు మొదటి మందు వ్యాయామమే, అదీ నెలల తరబడి. తోటివాళ్లకు వినోదంగా భుజం ఊడదీసి చూపించే అలవాటున్నవాళ్లు కూడా చాలావరకు ఈ గుంపులోనే ఉంటారు. దయచేసి ఇవాళే మానేయండి.

వెనక్కి జారే రకం అరుదు. పుషప్స్‌లో, బెంచ్ ప్రెస్‌లో, చెయ్యి ముందుకు చాచి ఎదుటివాణ్ని ఆపేటప్పుడు ఇబ్బంది వస్తుంటే దాన్ని అనుమానించాలి. ఫిట్స్ వచ్చినప్పుడు, కరెంటు షాక్ కొట్టినప్పుడు భుజం వెనక్కి జారుతుంది. ఒక్క కోణంలో తీసిన ఎక్స్‌రేలో అది దొరక్కపోవచ్చు. ఈ వ్యాసంలో మిగతాదంతా ముందుకు జారే రకం గురించే.

ఒక నోట్‌బుక్ పెట్టండి

ఇది చెబితే అందరూ నవ్వుతారు. కానీ సర్జన్ ముందు కూర్చున్నప్పుడు మీ ఎమ్మారై తర్వాత అంత పనికొచ్చేది ఇదే. జారిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయాలి: చెయ్యి ఏ భంగిమలో ఉంది, ఎంత బలం పడింది, ఎవరు సరిచేశారు, చెయ్యి మామూలుగా అవడానికి ఎంతసేపు పట్టింది.

సగం జారుళ్లు కూడా రాయాలి. చాలామంది పూర్తిగా ఊడినదే లెక్కలో వేసుకుంటారు. బంతి అంచు దాకా వచ్చి తనంతట తనే వెనక్కి వెళ్లిపోయినప్పుడు లోపల కలుక్కుమంటుంది, చెయ్యి కొన్ని క్షణాలు చచ్చుబడినట్టు అవుతుంది, ఆడే బంతి చేతిలోంచి జారిపోతుంది. "ఏమో, నరం పట్టింది" అని చెయ్యి విదిలించి ఆట కొనసాగిస్తారు. అదీ జారుడే. లేబ్రమ్‌కీ ఎముకకీ అదీ నష్టమే.

ఒక కబడ్డీ ఆటగాడి నోట్‌బుక్‌లో వరస ఇలా ఉండేది: "ముగ్గురు పట్టుకుని వెనక్కి లాగినప్పుడు." తర్వాత: "ఒక్కడే చెయ్యి పట్టుకున్నాడు." తర్వాత: "కారు ముందు సీట్లో కూర్చుని వెనక సీట్లో బ్యాగు అందుకుంటుంటే." చివరిది: "నిద్రలో." ఎన్నిసార్లు జారిందన్నది కాదు, ఎంత చిన్న పనికి జారుతోందన్నది చూడండి. నిద్రలో జారిందంటే ఎముక బాగా అరిగి ఉండొచ్చు. ఆ మాట రాసిన మనిషికి నేను ఇంకో వ్యాయామం నేర్పలేదు. సీటీ స్కాన్ కోసం సర్జన్ దగ్గరికి పంపాను.

గ్రౌండ్‌లో జారినప్పుడు

ఆట ఆపండి. మంచి చేత్తో జారిన చేతి మోచేతిని పట్టుకుని, ఏ భంగిమలో నొప్పి తక్కువగా ఉంటే అలాగే కూర్చోండి. చుట్టూ చేరిన నలుగురిలో "నేను లాగేస్తా, నాకు తెలుసు" అనేవాడొకడు తప్పకుండా ఉంటాడు. వాణ్ని దూరంగా ఉంచండి. చంకలో కాలు పెట్టి చెయ్యి లాగే పద్ధతి హిప్పొక్రాటిస్ కాలం నాటిది. పాతది కదా అని గ్రౌండ్‌లో ఎవరైనా చేసేయొచ్చని కాదు. లోపల ఎముక విరిగి ఉంటే, చంకలోంచి వెళ్లే నరం నలిగి ఉంటే ఆ లాగుడుతో అది ఇంకా చెడుతుంది.

ఆలోగా చేయాల్సిన పరీక్ష ఒకటుంది, పది సెకన్లు పట్టదు. భుజం బయటివైపు, షర్టు చేతి మీద బ్యాడ్జి కుట్టే చోట, వేలితో తేలిగ్గా నిమరాలి. రెండో భుజం మీద కూడా అలాగే నిమిరి, తేడా ఉందేమో అడగాలి. అక్కడ తిమ్మిరిగా ఉంటే చంకలోంచి వెళ్లే ఆ నరం (ఆగ్జిలరీ నరం) దెబ్బతిని ఉండొచ్చు. తర్వాత మణికట్టు దగ్గర నాడి దొరుకుతోందా, వేళ్లు విప్పి మూయగలుగుతున్నారా చూడాలి. ఇవి భుజం సరిచేయక ముందు ఒకసారి, సరిచేశాక ఇంకోసారి. చెయ్యి చల్లబడినా, పాలిపోయినా, నాడి దొరక్కపోయినా ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు.

చెయ్యిని మెడకు వేలాడదీసే స్లింగ్ లేకపోతే జెర్సీ కింది అంచును ముంజేతి మీదుగా పైకి మడిచి ఛాతీ దగ్గర పిన్నీసు పెట్టండి, పనికొస్తుంది. ఐసును గుడ్డలో చుట్టి పెట్టండి. ఆస్పత్రిలో మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి డాక్టర్ చూసేదాకా తినడం, తాగడం వద్దు.

మరి ఎప్పట్నుంచో సొంతంగా ఎక్కించుకునేవాళ్ల సంగతి? ఎముక విరగలేదని తేల్చి, డాక్టరే నేర్పి ఉంటే ఒక పద్ధతి ఉంది. నేల మీద కూర్చుని, జారిన వైపు మోకాలు మడిచి, రెండు చేతుల వేళ్లు అల్లి మోకాలి ముందు పట్టుకుని, తల వెనక్కి వాల్చి, మెల్లగా ఒళ్లు వెనక్కి వంచాలి. మోచేతులు చాపే ఉండాలి. బలం వాడకూడదు, ఒంటి బరువే లాగుతుంది. ఒకటి రెండుసార్లకు ఎక్కకపోతే ఆపేసి ఆస్పత్రికి వెళ్లాలి. ఎక్కినా సరే, ఆ రోజుకి ఆట ముగిసినట్టే. ఈ ఒక్క విషయంలో నేను కోచ్‌లతో గొడవపడతాను, ఇకముందూ పడతాను.

మొదటి వారాలు

స్లింగ్ నొప్పి కోసం. ఒకటి నుంచి మూడు వారాల దాకా డాక్టర్ చెప్పినంత కాలం వాడండి. ఎక్కువ రోజులు కట్టి ఉంచితే మళ్లీ జారకుండా ఉంటుందన్న నమ్మకం చాలామందికి ఉంది, దానికి ఆధారం లేదు. భుజం బిగుసుకుపోవడమే మిగులుతుంది. స్లింగ్‌లో ఉండగానే వేళ్లు, మణికట్టు, మోచేయి రోజుకు నాలుగైదుసార్లు కదిలించాలి.

చిన్న పనుల్లోనే భుజాలు మళ్లీ జారుతుంటాయి. షర్టు వేసుకునేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు దూర్చాలి. విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు తీయాలి. వెల్లకిలా పడుకుంటే మోచేతి కింద దిండు పెట్టుకోండి, లేకపోతే మోచేయి పరుపులోకి జారి భుజం ముందుకు తోసుకొస్తుంది. చెయ్యి తల కింద పెట్టుకుని పడుకునే అలవాటు మానుకోవాలి. కారులో వెనక సీటు వైపు చెయ్యి చాపొద్దు, ఒళ్లంతా తిప్పి అందుకోండి. పై అరలో సామాను స్టూలెక్కి తీయండి.

వ్యాయామం: వరస తప్పొద్దు

భుజం జారినవాళ్లు నేరుగా జిమ్‌కి వెళ్లి ఛాతీ, భుజం పైకండ పెంచడం మొదలుపెడతారు. అవి పెద్ద కండరాలు. చెయ్యిని కదిలిస్తాయి గానీ బంతిని గుంట మధ్యలో నిలబెట్టవు. ఛాతీ కండరం మరీ బిగిస్తే బంతిని ముందుకే లాగుతుంది. నిలబెట్టేవి లోపలున్న రొటేటర్ కఫ్, దానికి పునాదిగా రెక్క ఎముకను పట్టుకునే కండరాలు. పని వాటితో మొదలవ్వాలి.

నేను అందరికీ మొదట నేర్పే వ్యాయామాన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దాదాపు అందరూ దీన్ని తప్పుగానే చేస్తారు. మంచి భుజం కిందికి వచ్చేలా పక్కకు తిరిగి పడుకోండి. పైనున్న చేతి మోచేయి తొంభై డిగ్రీలు వంచి నడుముకు ఆనించండి. మోచేతికీ పక్కటెముకలకీ మధ్య చుట్టిన టవల్ పెట్టండి. అరకిలో బరువు చాలు. నీళ్ల సీసా అయినా సరే. మోచేయి టవల్‌ని నొక్కుతూ ఉండగా ముంజేతిని పొట్ట దగ్గర్నుంచి నేలకు సమాంతరమయ్యేదాకా మెల్లగా ఎత్తండి. అక్కడ ఒక క్షణం ఆగి, మూడు లెక్కపెడుతూ దించండి. ఇప్పుడు చూడాల్సిన సంగతి: మంచి చేతి వేళ్లు ఆ భుజం వెనకభాగం మీద, రెక్క ఎముక పైన పెట్టుకోండి. గట్టిపడాల్సింది అక్కడ. మెడ పక్కన కండ బిగుస్తోందంటే, భుజం చెవి వైపు లేస్తోందంటే బరువు ఎక్కువైంది. టవల్ కింద పడిందంటే మోచేయి మోసం చేస్తోంది. పన్నెండు నుంచి పదిహేను దాకా మూడు విడతలు. ఆఖరి మూడూ కష్టంగా ఉండాలి, కానీ తీరు మారకూడదు. కుర్రాళ్లకు ఇది పరువు తక్కువ వ్యాయామం. అరకిలో చూసి నవ్వుతారు. రెండో విడతలో నవ్వు ఆగిపోతుంది.

దీనికి జతగా ఎలాస్టిక్ బ్యాండుతో లోపలికి లాగడం. మోచేయి అదే టవల్ దగ్గర ఉండాలి. రెక్క ఎముక కోసం, గోడకు చేతులు ఆనించి పుషప్ చేసి, చివర్లో మోచేతులు వంచకుండా వీపును ఇంకాస్త వెనక్కి నెట్టడం. ఆ చివరి అంగుళమే అసలు పని. బోర్లా పడుకుని చేతులు పక్కలకు, వంపుగా పైకి ఎత్తడం ఇంకొకటి. ఇవన్నీ నొప్పి, భయం లేకుండా అయితేనే పై మెట్టు.

పై మెట్టు చేతుల మీద బరువు మోపడం. ముందు గోడ, తర్వాత బల్ల, తర్వాత నేల. నాలుగు కాళ్ల భంగిమలో ఉండి ఒక చెయ్యి ఎత్తి రెండో భుజాన్ని తాకడం, తర్వాత అదే ప్లాంక్‌లో. కళ్లు మూసుకుని నిలబడి ఉండగా నేను ఆ చేతిని అటూ ఇటూ తోస్తాను. కదలకుండా ఉంచాలి. చూపుతో సంబంధం లేకుండా, చెయ్యి ఎక్కడుందో భుజానికే తెలియాలి. లిగమెంట్లు చిరిగితే పోయేది గట్టిదనమే కాదు, ఆ తెలివిడి కూడా. దాన్ని ఇలాగే మళ్లీ నేర్పాలి.

అది కుదిరాకే ప్రమాదకరమైన భంగిమలో పని. చెయ్యి పక్కకు ఎత్తి, మోచేయి వంచి, బ్యాండుతో బయటికి తిప్పడం. చిన్న బంతిని వదిలి మళ్లీ పట్టుకోవడం. గోడకేసి కొట్టడం, ముందు రెండు చేతులతో, తర్వాత ఒక చేత్తో. ఆ తర్వాత పడటం నేర్పుతాను. మోకాళ్ల మీద నుంచి మెత్తటి మ్యాట్ మీదికి, చెయ్యి చాచకుండా, మోచేయి ఒంటికి దగ్గరగా పెట్టి దొర్లడం. పడటం ఎవరూ ప్రాక్టీసు చేయరు. భుజాలు జారేది మాత్రం చాలాసార్లు పడ్డప్పుడే.

చేయకూడనివి కూడా వినండి. "భుజం ముందు బిగుసుకుపోయినట్టుంది" అని తలుపు ఫ్రేముకు చెయ్యి ఆనించి ముందుకు వంగి సాగదీస్తారు. అది సరిగ్గా జారే భంగిమే. చిరిగిన వైపును ఇంకా సాగదీస్తున్నారు. బిగుతు చాలాసార్లు కండరం కాపలా కాయడం వల్ల వస్తుంది. బలం పెరిగితే అదే పోతుంది. జిమ్‌లో మెడ వెనక నుంచి బరువు ఎత్తడం, మెడ వెనక్కి పుల్‌డౌన్ లాగడం, డిప్స్, చేతులు బాగా వెడల్పుగా పెట్టి బెంచ్ ప్రెస్, ఫ్లైస్ వద్దు. స్క్వాట్స్‌లో బార్‌ని మెడ వెనక పట్టుకునే భంగిమ కూడా ఇబ్బందే, ముందు పట్టుకోండి. గుర్తు పెట్టుకోవడానికి ఒక లెక్క: నేరుగా ముందుకు చూస్తున్నప్పుడు కంటి కొసకైనా మీ మోచేతులు కనపడుతుండాలి. కనపడట్లేదంటే చేతులు వెనక్కి వెళ్లిపోయాయి.

సాధారణంగా ఇదంతా మూడు నెలలకు తక్కువ కాదు. వారానికి మూడు నాలుగు రోజులు. రోజూ కాదు, ఆ కండరాలకూ విశ్రాంతి కావాలి.

ఎప్పుడు తిరిగి దిగాలి

పరీక్ష బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి పక్కకు ఎత్తి, మోచేయి వంచి, ముంజేతిని మెల్లగా వెనక్కి తీసుకెళతాను. నేను చూసేది చేతిని కాదు, మొహాన్ని. భుజం సిద్ధంగా లేని మనిషి ఒక చోట కళ్లు పెద్దవి చేస్తాడు, రెండో చెయ్యి లేచి నా చేతి మీదికి వస్తుంది. నొప్పి ఉందా అంటే లేదంటాడు, నిజమే చెబుతాడు. "జారేలా ఉంది" అంటాడు. ఆ స్పందన ఉన్నంతకాలం ఆట వద్దు. దీన్ని ఇంట్లో స్నేహితుడి చేత చేయించుకోకండి.

ఇది పోయాక మిగతా కొలతలు. కదలిక రెండో వైపుతో సమానంగా ఉండాలి. బయటికి తిప్పే బలం, లోపలికి తిప్పే బలం రెండూ మంచి చేతితో పోలిస్తే కనీసం 90 శాతం రావాలి. మీరు కుడిచేతి వాటం అయి కుడి భుజమే జారితే 90 కూడా తక్కువే అని నేనంటాను. నేల మీద 91 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీసి, పుషప్ భంగిమలో ఒక చేత్తో రెండో చేతిని దాటి గీతను తాకే పరీక్ష ఒకటుంది: 15 సెకన్లలో ఎన్నిసార్లు తాకారో లెక్క. మగవాళ్లకు ఇరవై ఒకటి చుట్టుపక్కల వస్తే బాగున్నట్టు. ఆఖరిది, మీ ఆటలోని అసలు కదలికను అలసిపోయాక చేయించి చూడటం. తాజాగా ఉన్నప్పుడు అన్ని భుజాలూ బాగానే ఉంటాయి.

సీజన్ మధ్యలో జారితే ఏం చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. 2014లో అమెరికా కాలేజీల్లో ఒళ్లు తగిలే ఆటలు ఆడే 45 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఆపరేషన్ లేకుండా వాళ్లలో 33 మంది అదే సీజన్‌లో తిరిగి ఆడగలిగారు. మళ్లీ జారకుండా సీజన్ పూర్తి చేసింది మాత్రం 12 మందే. రెండు అంకెలూ కలిపి చదవాలి. కోచ్ మొదటిదే చదువుతాడు, అమ్మానాన్నలు రెండోదే చదువుతారు. ఇది చివరి సీజనా, ముందు ఇంకా ఎన్నో ఏళ్లు ఆడాలా అన్నదాన్ని బట్టి నిర్ణయం మారుతుంది. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఒక టోర్నమెంట్ కోసం ఇంకో నాలుగు జారుళ్లు ఒప్పుకోమని నేను చెప్పను.

చెయ్యి మరీ పైకి, వెనక్కి వెళ్లకుండా ఆపే బ్రేస్‌లు ఉన్నాయి. బ్లాకర్‌కీ, డిఫెండర్‌కీ కొంత పనికొస్తాయి. స్మాష్ కొట్టే చేతికి వేస్తే స్మాషే రాదు. అవి జారకుండా ఆపుతాయన్న గట్టి ఆధారం కూడా లేదు. టేప్ సంగతి ఇంకా తక్కువ. భుజాన్ని గుర్తుచేస్తుంటుంది, అంతే.

కొన్ని ఆటల్లో మాత్రం జారడమే ప్రాణం మీదికి తెస్తుంది. లోతు నీళ్లలో ఒంటరిగా ఈదేటప్పుడు, ఎత్తైన గోడ లేదా కొండ ఎక్కేటప్పుడు, బైకు మీద. భుజం ఇంకా నమ్మకంగా లేనివాళ్లు వీటికి ఒంటరిగా వెళ్లొద్దు. ఈతగాళ్లు వెల్లకిలా ఈత చివరగా మొదలుపెట్టాలి.

ఆపరేషన్ మాట

వయసు ఇరవై లోపు, ఒళ్లు తగిలే ఆట లేదా చెయ్యి పైకెత్తి ఆడే ఆట, పోటీ స్థాయి, కీళ్ల వదులు, ఎక్స్‌రేలో సొట్ట, గట్టు అరుగుదల: వీటన్నిటికీ పాయింట్లు వేసి 10కి లెక్కించే స్కోరు ఒకటి 2007లో వచ్చింది. స్కోరు పెరిగేకొద్దీ చిన్న రంధ్రాల (కీహోల్) ద్వారా లేబ్రమ్ కుట్టే బ్యాంకార్ట్ రిపేర్ ఒక్కటే నిలబడే అవకాశం తగ్గుతుంది. గుంట ఎముక 20 నుంచి 25 శాతం పోయిందంటే చాలామంది సర్జన్లు ఎముకతో చేసే ఆపరేషన్ వైపే చూస్తారు. అది లటార్జే. ఫ్రాన్స్ సర్జన్ మిషెల్ లటార్జే 1954లో వివరించిన పద్ధతి. భుజం ముందున్న చిన్న కొమ్ము లాంటి ఎముకను కండరంతో సహా కోసి, అరిగిన గట్టు దగ్గర స్క్రూలతో బిగిస్తారు. బంతి మీది సొట్ట పెద్దదైతే వెనక కండరాన్ని అందులోకి కుట్టి పూడ్చే రెంప్లిసాజ్‌ని బ్యాంకార్ట్ రిపేర్‌తో కలిపి చేస్తారు.

సర్జన్ని అడగండి: ఎముక ఎంత శాతం పోయింది, అది సీటీలో కొలిచారా, నా ఆటకు ఏ పద్ధతి ఎందుకు, మళ్లీ జారితే తర్వాత ఏం చేస్తారు. "ఎప్పుడు ఆడొచ్చు" అన్నది ఆఖరి ప్రశ్నగా ఉండనివ్వండి. ఒళ్లు తగిలే ఆటకు మామూలుగా ఆరు నెలలు పడుతుంది. లటార్జే తర్వాత కొందరు ఇంకాస్త ముందే దిగుతారు. నెలలు నిండితే చాలదు, పైన చెప్పిన కొలతలన్నీ మళ్లీ దాటాలి. ఆపరేషన్ ముందు రెండు నెలలు పైన రాసిన వ్యాయామాలు చేసి వెళ్లినవాళ్లు తర్వాత త్వరగా కోలుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. కాబట్టి ఆపరేషన్ తేదీ ఖాయమైందని వాటిని మానేయకండి.

ఆపరేషన్ అయినా కాకపోయినా, ఆడినన్నాళ్లూ వారానికి రెండు రోజులు టవల్, అరకిలో, బ్యాండ్ తప్పవు. ప్రాక్టీసుకు ముందు కాకుండా తర్వాత చేయండి. అలసిపోయిన కఫ్‌తో గ్రౌండ్‌లోకి దిగొద్దు. ముందైతే బ్యాండుతో తేలిగ్గా ఒకే విడత చాలు. మధ్యలో ఎప్పుడైనా కలుక్కుమంటే నోట్‌బుక్ తీసి రాసి, అలాంటివి రెండు కనపడగానే ఫోన్ చేయండి.